జీరో టికెట్టు సరే, బస్సేదీ?

లక్సెట్టిపేట బస్టాండులో సాయంత్రం ఆరు దాటాక ఒక గంటసేపు కూర్చుంటే చాలు, ఈ రాష్ట్రంలో ఆడవాళ్ల ప్రయాణాల గురించి ఏ ప్రభుత్వ నివేదికలోనూ దొరకని సంగతులు తెలుస్తాయి. మంచిర్యాల నుంచి నిర్మల్ వైపు పోయే బస్సులు వస్తాయి, ఆగుతాయి, పోతాయి. పెద్దరోడ్డు మీద ఊళ్లున్న ఆడవాళ్లు ఎక్కి వెళ్లిపోతారు. ఎక్కకుండా మిగిలేవాళ్లు కొందరుంటారు. వాళ్ల ఊళ్లు రోడ్డుకి నాలుగు, ఆరు, పది కిలోమీటర్లు లోపల, గోదావరి వైపో అడవి వైపో ఉంటాయి. చేతిలో మందుల సంచి, ఒళ్లో నిద్రపోయిన పసిపిల్ల. వాళ్లు గడియారం చూడరు, రోడ్డు చూస్తుంటారు.

మొన్న అట్లా కూర్చున్నప్పుడు పక్కనున్న పెద్దమనిషి ఒకామె కొంగుముడి విప్పి ఆధార్ కార్డు తీసి నాకు చూపించింది. "ఇగో, కార్డున్నది బిడ్డా. పైసలద్దన్నరు. బస్సే లేకపాయె" అంది. నవ్వుతూనే అంది. చివరికి అందరం కలిసి ఆటో ఎక్కాం, మనిషికి నలభై రూపాయలు. నిండితే తప్ప కదలనన్నాడు డ్రైవరు, అతని బాధ అతనిది. నిండేసరికి పదకొండు మందిమయ్యాం. ఆ ముసలామె కార్డుని జాగ్రత్తగా మళ్లీ కొంగున ముడేసుకుంది.

ఉచిత ప్రయాణాన్ని ఆడిపోసుకునే వాళ్ల పక్కన నిలబడి నేనీ మాట చెప్పడం లేదు. అది ముందే స్పష్టం చేయాలి. ఎందుకంటే ఈ విషయంలో ఏ చిన్న విమర్శ చేసినా "చూశారా, ఆడవాళ్లే వద్దంటున్నారు" అని ఎత్తుకుపోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు చాలామంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైన రోజు నుంచీ తెలంగాణలో మగవాళ్ల నోటికి పని దొరికింది. ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారు, పుట్టింటికి పోయి వస్తున్నారు, గుళ్లకి పోతున్నారు, సీట్లకోసం కొట్టుకుంటున్నారు. టీవీలకి జుట్లు పట్టుకునే దృశ్యాలు కావాలి, అవి దొరికాయి. 2024 ఆగస్టులో ఒక బస్సులో ఆడవాళ్లు వెల్లుల్లి ఒలుచుకుంటున్న వీడియో ఊరూరా తిరిగింది. కావాలంటే బ్రేక్ డాన్సులు కూడా చేసుకోండి అన్న ధోరణిలో మాట తూలి, మాజీ మంత్రి కె. తారకరామారావు విచారం ప్రకటించాల్సి వచ్చింది, మహిళా కమిషన్ ముందు హాజరు కావాల్సి వచ్చింది. అంతటితో ఆ ముచ్చట అయిపోయింది. కానీ ఆ వీడియోలో అసలు చూడాల్సింది ఎవరూ చూడలేదనిపించింది నాకు. ఇంటికి పోగానే పొయ్యి వెలిగించాలి కాబట్టి ఆమె దారిలోనే వెల్లుల్లి ఒలుస్తోంది. బస్సులో కూర్చున్న ఆ గంట కూడా ఆమెది కాదు. బస్సు ఎక్కినా వంటిల్లు దిగలేదు. నవ్వాల్సిందేముంది అందులో?

2025 జూలై నాటికి 200 కోట్ల జీరో టికెట్లు ఇచ్చామనీ వాటి విలువ 6,680 కోట్ల రూపాయలనీ ప్రభుత్వం పండగ చేసింది. లెక్క వేసుకుంటే సగటున ఒక్కో ప్రయాణం ముప్పైమూడు రూపాయల చిల్లర. అంత చిన్న మొత్తం లేక ఎంతమంది ఆడవాళ్లు ఎన్నేళ్లు ఇంట్లో ఆగిపోయారో ఆ అంకె చెబుతోంది. ఆసుపత్రికి రేపు పోదాం అనుకున్నవాళ్లు, చెల్లెలు పురిటికి పోలేకపోయిన అక్కలు, కూలి ఎక్కువిచ్చే ఊరు తెలిసీ దగ్గర్లోని తక్కువ కూలికే పోయినవాళ్లు. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో, మన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇదే మొదలైందంటే అది ఎవరి దయా కాదు. ఆడవాళ్ల ఓటు బరువు ఎంతో తెలిసింది పాలకులకి, అంతే.

నా తగువు వేరే. ఉచితం ఎక్కడ వర్తిస్తుంది? పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్సులో. మరి పల్లెవెలుగు ఏ పల్లెకి వస్తోంది? ఎప్పుడు వస్తోంది? ఎన్నిసార్లు వస్తోంది? రాని బస్సులో టికెట్టు ఎప్పుడూ ఉచితమే.

మా ఊరి కథ చెబుతాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, పల్లెవెలుగన్న పేరు ఇంకా మా దాకా రాలేదు, మాకది ఎర్రబస్సు. రాత్రి ఎనిమిదింటికి ఊళ్లోకి వచ్చి బడి ముందు నిద్రపోయేది. నైట్ హాల్ట్ అనేవాళ్లు. డ్రైవరూ కండక్టరూ బడి వరండాలో పడుకునేవాళ్లు, ఎవరో ఒకరి ఇంటినుంచి అన్నం వెళ్లేది. పొద్దున ఆరుంబావుకి ఆ బస్సు లేచి ఊరిని లేపేది. కూరగాయల గంపలు పైకెక్కేవి. పాలక్యాన్లు, బీడీ కార్ఖానాకి కట్టలు అప్పజెప్పడానికి పోయే ఆడవాళ్లు, ముగ్గురమో నలుగురమో కాలేజీ పిల్లలం. ఆ బస్సు లేకపోతే నేను లేను. అలంకారానికి అంటున్న మాట కాదు. మా నాయన నన్ను లక్సెట్టిపేటకి పంపడానికి ఒప్పుకున్నది ఒక్క కారణంతో: బస్సు ఊళ్లో ఎక్కి ఊళ్లో దిగుతుంది, మధ్యలో నడిచేది లేదు.

మా చెల్లె పదో తరగతి పాసయ్యే నాటికి నైట్ హాల్ట్ ఎత్తేశారు. ఎన్‌కౌంటర్ల కాలం, బస్సులు తగలబడుతున్న కాలం, ఆ కారణం కొన్నాళ్లు చెప్పారు. ఆ రోజులు పోయాయి, బస్సు మాత్రం తిరిగి రాలేదు. పొద్దున బస్సు ఎనిమిదిన్నరకి మారింది. తర్వాత పెద్దరోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడిదాకా మూడు కిలోమీటర్లు నడక, మధ్యలో వాగు. చెల్లెని పంపలేదు. పదిహేడేళ్లకి పెళ్లి చేశారు. మా అమ్మ ఊళ్లో ఆడవాళ్లని పోగుచేసి, వేలిముద్రలతో ఒక దరఖాస్తు రాయించి, నన్ను తోడు తీసుకుని ఒక అధికారి దగ్గరికి వెళ్లింది. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం, ఆ జవాబు అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే. "మీ ఊరికి ఓఆర్ రాదమ్మా." అమ్మకి ఓఆర్ అంటే తెలియదు. నాకూ తెలియదు. ఇద్దరం ఏదో మా తప్పయినట్టు తలదించుకుని వచ్చేశాం.

ఇన్నేళ్లకి తెలిసింది. ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో. బస్సులో ఉన్న సీట్లలో ఎన్ని నిండాయన్న లెక్క. దానికి తోడు ఈపీకే, కిలోమీటరుకి ఎంత సంపాదించిందన్న లెక్క. ఈ రెండు అంకెలతో ఒక ఊరికి బస్సు ఉండాలా పోవాలా తేలుస్తారు. చాలా నిష్పక్షపాతంగా కనబడే అంకెలివి. కానీ వీటిలో కొలత ఎవరి శరీరానికి తీశారో చూడండి. పొద్దున టౌనుకి పోయి సాయంత్రం తిరిగొచ్చే, ఒకే చోట ఎక్కి ఒకే చోట దిగే, చేతిలో సంచి లేని మనిషికి తీశారు. ఆడవాళ్ల ప్రయాణం అట్లా ఉండదు. అంగన్‌వాడీలో పిల్లని దింపి, బ్యాంకులో సంఘం డబ్బు కట్టి, అత్తకి బీపీ గోలీలు కొని, అంగడి చేసుకుని మధ్యాహ్నం రెండింటికి తిరిగి రావాలి. ఆ రెండింటి బస్సులో ఎనిమిదిమందే ఉంటారు. ఎనిమిదిమందే కాబట్టి అది నష్టాల ట్రిప్పు. నష్టాల ట్రిప్పు కాబట్టి రద్దు. రెండింటి బస్సు రద్దయితే ఆ ఎనిమిదిమంది పొద్దున బస్సు కూడా ఎక్కరు, తిరిగొచ్చే దారి లేదు కదా. అప్పుడు పొద్దున బస్సు కూడా ఖాళీ అవుతుంది, దానికీ ఓఆర్ రాదు. ఇట్లా ఒక ఊరి బస్సుని చంపి, చచ్చిపోయింది చూడండి అని అంకె చూపిస్తారు.

మా ప్రాంతంలో ఇంకొక సంగతి ఉంది. జగిత్యాల, నిర్మల్, లక్సెట్టిపేట, జన్నారం వైపు ఎన్నో ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఇంటి ముందు మోటారుసైకిలు ఉంటుంది, దానిమీద గుడ్డ కప్పి ఉంటుంది. భూమి పనీ, బడి పనీ, ఆసుపత్రి పనీ, ఏజెంటు చుట్టూ తిరిగే పనీ మొత్తం ఆమెదే. "ఎవరితోనన్నా బండి మీద పోవచ్చు కదా" అంటారు. ఎవరి బండి వెనక కూర్చుంటే ఊరు ఏమంటుందో అనేవాళ్లకి తెలియదా? బస్సు ఆమెకి వాహనమొక్కటే కాదు, ఎవరి అనుమతీ ఎవరి అనుమానమూ లేకుండా కదలగలిగిన ఒకే ఒక చోటు.

2019 గుర్తు చేసుకుందాం. అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెలోకి దిగారు. సరిగ్గా బతుకమ్మ రోజులు. డిపోల ముందు మహిళా కండక్టర్లు బతుకమ్మలు పేర్చి ఆడుతూ నిరసన చెప్పారు, రోడ్ల మీద వంటావార్పు చేశారు, నవంబర్‌లో చలో ట్యాంక్‌బండ్‌లో లాఠీల ముందు నిలబడ్డారు. సమ్మె సాగుతుండగానే, నవంబర్ 2న, మంత్రివర్గం 5,100 రూట్లని ప్రైవేటు వాళ్లకి ఇస్తామని తీర్మానించింది. ఆ ఏడాదే కేంద్రం సవరించిన మోటారు వాహనాల చట్టాన్ని అందుకు సాకుగా చూపారు. ఏ రూట్లు? ఆ 5,100లో ఏ పల్లె ఉంది, ఏ పల్లె లేదు? ప్రయాణం చేసేవాళ్లని ఎవరైనా అడిగారా? లాభమొచ్చే రూటు ప్రైవేటువాడు తీసుకుంటాడు, మా ఊరి రూటు ఎవడికీ అక్కర్లేదు, ఇంత మాత్రం చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. నవంబర్ 25న సమ్మె ముగిసింది. ప్రైవేటు తీర్మానం ప్రకటించిన రూపంలో అమలు కాలేదు, కానీ డిసెంబర్‌లో కిలోమీటరుకి ఇరవై పైసలు చార్జీ పెరిగింది, హైదరాబాదు నగరంలో వందల బస్సులు తగ్గిపోయాయి. తీర్మానం కాగితం మీద మిగిలిందని మనం ఊపిరి పీల్చుకున్నాం. అది చేయాల్సిన పనిని నిశ్శబ్దంగా రోజుకొక ట్రిప్పు చొప్పున చేస్తూ పోవచ్చని మనకి తట్టలేదు.

ఆ డిసెంబర్‌లోనే కార్మికులకిచ్చిన హామీల్లో ఒకటి, మహిళా కండక్టర్లకి రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వేయబోమన్నది. ఎన్నో ఏళ్లుగా వాళ్లు అడుగుతున్నది, న్యాయమైనది. అర్ధరాత్రి డిపోలో దిగి ఇంటికెట్లా పోవాలో, ఎనిమిది గంటలు మూత్రం ఆపుకుని టికెట్లు కొట్టడం ఒంటికి ఏంచేస్తుందో వాళ్లకి తెలుసు. కానీ ఈ హామీకి రెండో ముఖం ఉంది. ఆడకండక్టర్లున్నారు కాబట్టి రాత్రి ట్రిప్పులకి మనుషులు లేరు, నైట్ హాల్ట్‌కి వాళ్లని ఎట్లా పంపుతాం అని ఒక పెద్దాయన నాతోనే అన్నాడు. ఒక ఆడమనిషికి రక్షణ పేరుతో ఇంకో ఆడమనిషి చివరి బస్సు తీసేయడం! ఊళ్లో ఒక గది, ఒక మరుగుదొడ్డి, లోపలినుంచి పడే ఒక గడియ ఉంటే తీరే సమస్యని ఇద్దరు ఆడవాళ్ల మధ్య తగువుగా మార్చడంలో పితృస్వామ్యానికున్న నేర్పు అంతా ఇంతా కాదు.

ఇప్పటి ప్రతిపాదనల సంగతికి వస్తాను. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద ఎలక్ట్రిక్ బస్సులిచ్చేది నలభై లక్షల జనాభా దాటిన నగరాలకే. 2025లో హైదరాబాదుకి 2000 కేటాయించారు. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీవాడు, ఆర్టీసీ కిలోమీటరుకింత అని కడుతుంది. పొగ తగ్గితే మంచిదే, కాదనను. కానీ కిలోమీటరుకి కట్టే సంస్థకి ప్రతి కిలోమీటరూ ఖర్చే కదా, ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటర్లని ఇంకెంత నిర్దయగా కోస్తుందో ఆలోచించాలి. ఆ బస్సుల ఏర్పాట్లకి డబ్బు కావాలని 2025 అక్టోబర్‌లో నగరంలో చార్జీలు పెంచారు: మొదటి మూడు స్టేజీలకి అయిదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది. ఆడవాళ్లకి టికెట్టు లేదు కాబట్టి ఆ బరువంతా మగవాళ్ల మీద పడింది. ఇక వినాలి, ఆడవాళ్ల సోకుకి మా జేబు అని. నిర్ణయం చేసింది ప్రభుత్వం, మాట పడేది బస్సులో నిలబడ్డ కూలిమనిషి.

ఆధార్ బదులు స్మార్ట్ కార్డులన్న మాట కూడా వినిపించింది. ఇప్పుడే ఆధార్‌లో తెలంగాణ చిరునామా లేకపోతే టికెట్టు కొట్టాల్సిందే. మా వైపు చంద్రాపూర్, గడ్చిరోలి నుంచి కోడళ్లుగా వచ్చిన పిల్లలున్నారు. పెళ్లయి రెండేళ్లయినా కార్డులో పుట్టింటి ఊరే. మొగుడి పేరు, అత్తింటి చిరునామా ఎక్కితే తప్ప ఈ రాష్ట్రపు ఆడది కాదన్నమాట. పథకం పేరు మహాలక్ష్మి. ఇంట్లో అడుగు పెట్టాకే లక్ష్మి కదా, ముందు ఎట్లా అవుతుంది!

2025 మార్చి 8న స్వయం సహాయక సంఘాల బస్సులకి జెండా ఊపారు. సంఘాలు బస్సులు కొంటాయి, ఆర్టీసీ ఒక్కోదానికి నెలకి 77,220 రూపాయల అద్దె ఇస్తుంది. సంతోషించాను నేను. తర్వాత అడిగాను, ఆ బస్సు ఏ ఊరికి పోవాలో సంఘం చెప్పవచ్చా అని. అడిగిన సంఘం లీడరుకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "గది డిపోళ్లు సూస్కుంటరు మేడం, మనకు కిరాయి అస్తది" అంది. బస్సు మనది, దారి మాత్రం మనది కాదు. స్టీరింగు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఢిల్లీలో పదేళ్ల కిందటే బస్సు నడిపిన తెలంగాణ ఆడపిల్లకి సొంత రాష్ట్రపు ఆర్టీసీ బస్సు దక్కింది 2025 జూన్‌లో.

ఆటోవాళ్ల గురించి ఒక మాట. మహాలక్ష్మి వచ్చాక వాళ్ల గిరాకీ పడిపోయింది, రోడ్డెక్కారు, వాళ్ల కడుపు మంట నిజం. కానీ దాన్ని ఆడవాళ్ల మీదికి తిప్పినప్పుడు ఎవరూ చెప్పని సంగతి, ఆ ఆటోడ్రైవరు భార్య కూడా జీరో టికెట్టు మీదే కూలికి పోతోంది. పైగా మా లోపలి ఊళ్లలో ఆటో గిరాకీ ఏమీ తగ్గలేదు. బస్సు లేనిచోట ఎట్లా తగ్గుతుంది?

ఇక మన సంగతి. ఇది రాయడానికి నాకు ఇష్టంగా లేదు, అయినా రాయాలి. వంటింటి గురించి మనం ఎన్ని కవితలు రాశాం! గడప గురించి, కిటికీ గురించి, రెక్కల గురించి. గడప దాటిన ఆడమనిషి ఆ తర్వాత ఏ బస్సెక్కుతుందో రాసింది తక్కువ. మన సెమినార్లలో చలనశీలత మీద పత్రాలు చదువుతాం. ఆ సెమినారుకి నేను మంచిర్యాలలో రైలెక్కి వస్తాను, మీలో చాలామంది కార్లలో వస్తారు. కరీంనగర్‌కి 2024లో వచ్చిన ఎలక్ట్రిక్ బస్సులు సూపర్ లగ్జరీలు, ఏసీ లేకపోయినా చల్లగా జారిపోతాయని మెచ్చుకుంది ఒక స్నేహితురాలు. వాటిలో జీరో టికెట్టు చెల్లదని ఆమెకి గమనికే లేదు, ఎందుకంటే ఆమెకి ఎప్పుడూ అవసరం పడలేదు. నిందించడానికి కాదు, నాకు కూడా ఉద్యోగం వచ్చాక పదేళ్లపాటు ఊరి బస్సు వేళలు గుర్తులేవు. మన జీవితాలు బాగుపడ్డ కొద్దీ మన రాజకీయాల్లోంచి బస్సు దిగిపోయింది.

మరేం అడగాలి? ఉచితాన్ని కాపాడమని అడగడం సరిపోదు. ఏ ట్రిప్పు తీసేసినా ఆ ఊరి ఆడవాళ్లని అడగకుండా తీయకూడదు, గ్రామసభలో పెట్టాలి, ఓఆర్ కాగితం తెలుగులో గోడమీద అంటించాలి. ఒక రూటు కొలవాలంటే ట్రిప్పు ట్రిప్పుకీ కాకుండా రోజంతా కలిపి కొలవాలి. జీరో టికెట్టు డబ్బు ప్రభుత్వం సకాలంలో సంస్థకి కట్టాలి, కట్టకుండా నష్టమని ఏడవడం ఎవరిని మోసం చేయడానికి? నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో మొదలుపెట్టినప్పుడు అది ప్రజల సేవకోసమేమీ కాదు, రైలు రాబడి కాపాడుకోడానికి కూడా. దాన్ని పల్లెల దాకా లాక్కొచ్చింది దరఖాస్తులూ ధర్నాలూ రాస్తారోకోలే. మా అమ్మలాంటి వేలిముద్రలే.

రిటైరయ్యే ముందు ఆఖరి ఏడాది నా క్లాసులో పిల్లలకి తలా ఒక కాగితం ఇచ్చి, మీ ఊరికి బస్సు ఎన్నింటికి కావాలో రాయండి అన్నాను. ఎక్కువమంది నాలుగున్నర అని రాశారు, కాలేజీ వదిలే వేళ అది. ఒక పిల్ల మాత్రం అయిదూ పది అని రాసింది. చెల్లె ఊరి అవతలి ఊరి పిల్ల. అంత ఆలస్యంగా ఎందుకమ్మా, చీకటి పడదా అని అడిగాను.

"నాలుగున్నరకు క్లాసులైపోతయి కద మేడం. ఆ బస్సు తప్పిపోతదని ఉరుకుడే అయితంది. గా నలభై నిమిషాలుంటే లైబ్రరీల కూసుంట. రెండేండ్లాయె, లోపల ఎట్లుంటదో చూడలే" అంది.